పెయింట్‌లో ప్రభ: జగ్గన్నతోట బొమ్మ పని డైరీ

కనుమ రోజున కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (భుజాల మీద ఊరేగించే, రంగు గుడ్డలు కట్టిన వెదురు చట్రాలు) వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటి రావాలి. మోసేవాళ్లు ప్రభ భుజాల మీద ఉండగానే నీళ్లలో దిగి అవతలి గట్టు ఎక్కుతారు. ఈ బొమ్మకి తీసుకున్నది ఆ ఘట్టమే. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది కూడా ఈ ప్రభల తీర్థమే కాబట్టి ఫొటోలకి కొదవ లేదు. ఇక్కడ కావలసింది మాత్రం ఫొటో కాదు, రంగుల్ని వేళ్ల మీద లెక్కపెట్టగలిగే చదునైన బొమ్మ. ఫోన్లో చూసినా అంచులు నున్నగా కనిపించాలి.

సరంజామా అంతా విండోస్ 10లో వచ్చే ఎంఎస్ పెయింట్, ఒక మౌస్. ఇందులో లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే విడి పొరలు) లేవు. రంగుని పల్చన చేసే సదుపాయం లేదు. బొమ్మని 90 డిగ్రీల లెక్కన తప్ప తిప్పలేం. విండోస్ 11 పెయింట్‌కి 2023లో లేయర్లు వచ్చాయి. అవి ఉన్నవాళ్లు కింద చెప్పే వరస కొంత సడలించుకోవచ్చు, కొలతలు మాత్రం అవే వాడుకోవాలి.

పనంతటికీ మూలం ఒక్క నిర్ణయం: కావలసిన దానికి సరిగ్గా రెట్టింపు సైజులో గీయడం, అంతా అయ్యాక ఒక్కసారి సగానికి కుదించడం. పూర్తయిన బొమ్మ 1080×1350 పిక్సెళ్లు ఉండాలి కాబట్టి గీసేది 2160×2700లో. నాలుగు రెట్లలో గీస్తే ఇంకా నున్నగా వస్తుంది గానీ పాత కంప్యూటర్ మీద ఫిల్ (రంగు నింపే సాధనం) కొట్టిన ప్రతిసారీ ఎదురుచూడాలి. రెట్టింపు చాలు.

కాన్వాసు, రంగుల పట్టీ

కంట్రోల్+ఈ నొక్కి వెడల్పు 2160, ఎత్తు 2860 ఇవ్వండి. అదనంగా ఇచ్చిన 160 పిక్సెళ్లు అడుగున రంగుల పట్టీకి. పెయింట్‌లో మనం కలుపుకున్న రంగులు ప్రోగ్రాం మూసేస్తే పోతాయి. అందుకే ప్రతి రంగునీ 160×160 గడిలో ఫిల్ చేసి బొమ్మలోనే ఉంచాలి. కావలసినప్పుడు కలర్ పికర్‌తో ఎడమ క్లిక్ చేస్తే ఆ రంగు కలర్ 1కి, కుడి క్లిక్ చేస్తే కలర్ 2కి వస్తుంది. పని అయ్యాక ఎత్తు 2700 చేస్తే పట్టీ తెగిపోతుంది. పెయింట్ ఎప్పుడూ కుడి పక్కన, అడుగునే కోస్తుంది కాబట్టి పట్టీని పైన పెట్టకూడదు.

రంగులు పదమూడు. ఒక్కో రంగుకి ఇచ్చిన మూడు అంకెలు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు. ఆకాశానికి మూడు: పైన 158, 196, 206, మధ్యలో 246, 214, 170, చెట్ల మీద మంచు రంగు 238, 232, 214. నీళ్లకి 74, 112, 108. కొబ్బరికి ముదురు 28, 66, 44, నడిమి ఆకుపచ్చ 58, 110, 58. ప్రభకి ఎరుపు 196, 36, 40. పసుపు 244, 190, 40. రాణీ రంగు 206, 34, 110. నీలం 30, 76, 150. చిలకపచ్చ 90, 160, 50. పంచెలకీ అక్షరాలకీ మీగడ రంగు 252, 244, 220. మనుషుల ఆకారాలకీ కింద అక్షరాల పట్టీకీ నల్లటి వంగపండు రంగు 40, 26, 34.

ప్రభ మీది ఐదు రంగులూ కొట్టొచ్చినట్టు ఉండాలి. మిగతావన్నీ కావాలనే మసకగా పెట్టినవి. ఆకాశం కూడా నిండు నీలం చేస్తే ప్రభ అందులో కలిసిపోతుంది. చవకబారుగా కనిపించే గ్రాఫిక్స్‌లో చాలావాటికి జబ్బు ఇదే, ప్రతి రంగూ గొంతెత్తి అరుస్తుంది.

వరస ఇలా ఉంటుంది: పై నుంచి 1850 వరకు ఆకాశం, చెట్లు, గట్టు, ప్రభ. 1850 నుంచి 2280 వరకు నీళ్లు. 2280 నుంచి 2700 వరకు అక్షరాల పట్టీ. లేయర్లు లేవు కాబట్టి వెనకున్నది ముందు గీయాలి, ముందున్నది చివర. ఈ వరస తప్పితే తర్వాత సరిదిద్దుకోవడానికి దారి ఉండదు.

కలర్ 2 తో జాగ్రత్త

పెయింట్‌లో కలర్ 2 నాలుగు పనులు చేస్తుంది. ఆకారాలకి లోపల నింపే రంగు అదే. రబ్బరు వదిలే రంగు అదే. సెలెక్ట్ చేసిన ముక్కని జరిపితే కింద మిగిలే ఖాళీకి పూసేదీ అదే. ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ ఆన్ చేసినప్పుడు కనిపించకుండా పోయే రంగూ అదే. వలయం గీయడానికని కలర్ 2ని ఎరుపు చేసి అలాగే వదిలేసి తర్వాత చెట్టు అతికిస్తే, చెట్టు చుట్టూ దాని నేపథ్యం రంగు డబ్బా వచ్చి కూర్చుంటుంది. ముక్క అతికించే ముందు కలర్ 2 ఏముందో చూసుకోవడం చేతికి అలవాటవ్వాలి.

ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ కలర్ 2తో అచ్చంగా సరిపోయిన పిక్సెళ్లనే మాయం చేస్తుంది. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ పిక్సెల్ ఉండిపోతుంది. ఇక్కడే అసలు చిక్కు. పెన్సిల్ గీత గరుకుగా ఉంటుంది, ఉన్న రంగు తప్ప మరో రంగు పుట్టించదు. బ్రష్, కర్వ్, వలయం అంచుల్ని నున్నగా చేయడానికి మధ్య రంగులు పుట్టిస్తాయి. తెల్ల కాగితం మీద కర్వ్‌తో గీసిన ఆకుని తీసుకెళ్లి ముదురు రంగు మీద పెడితే చుట్టూ తెల్లటి పొర కనిపించేది అందుకే. మందు కూడా అక్కడే ఉంది: ముక్కని ఏ రంగు మీద అతికించబోతున్నామో ఆ రంగు మీదే గీయాలి. అప్పుడు అంచులోని మధ్య రంగులు ఆ నేపథ్యంలోనే కలిసిపోతాయి. పెన్సిల్‌తో గీసిన ముక్కలకి మాత్రం బొమ్మలో ఎక్కడా లేని 255, 0, 255 గులాబీని నేపథ్యంగా పెట్టుకోవచ్చు.

ఫిల్‌తో వచ్చే చిక్కూ ఇలాంటిదే. నున్నటి అంచున్న ఆకారానికి తర్వాత రంగు మారిస్తే పాత రంగు అంచున సన్నగా మిగులుతుంది. కాబట్టి రంగు ముందే తేల్చుకుని గీయాలి. పెన్సిల్ పనిలో రంగు మార్చాలంటే పాత రంగు కలర్ 1లో, కొత్తది కలర్ 2లో పెట్టి, రబ్బరుని మౌస్ కుడి బటన్‌తో రుద్దండి. ఆ ఒక్క రంగే మారుతుంది, పక్కనున్న రంగుల జోలికి పోదు.

చెట్లు

గట్టు మీద కొబ్బరి చెట్లు నీళ్ల వైపు ఒరిగి ఉండాలి. కాలవ పక్కన నాలుగు చెట్లు చూసినవాళ్లెవరికైనా నిటారు కొబ్బరి నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది.

చెట్టుకి వేరే ఫైలు తెరవండి. నేపథ్యం నడిమి ఆకాశం రంగు, 246, 214, 170. మూడు రకాల మట్టలు గీయాలి: పైకి లేచేది, పక్కకి చాచేది, కిందికి వేలాడేది. ఒక్కో మట్ట సుమారు 420 పిక్సెళ్ల పొడుగు. కర్వ్ ఎంచుకుని మందం 8 పెట్టి ముందు తిన్నని గీత లాగండి, తర్వాత దాన్ని రెండుసార్లు వంచుకోవచ్చు. మొదటి వంపు మొదలుకి దగ్గరగా కొద్దిగా పైకి, రెండోది చివరికి దగ్గరగా బాగా కిందికి. ఆ నడిమి గీతకి రెండు వైపులా 14 పిక్సెళ్లకి ఒకటి చొప్పున పెన్సిల్ మందం 4తో ఆకులు వేయాలి. మొదట్లో 40 పిక్సెళ్ల పొడుగు, మధ్యలో 110, చివర 30. ప్రతి ఆకూ మట్ట కొస వైపు వాలి, ఆపైన కిందికి జారాలి. బిరుసుగా అడ్డంగా వేస్తే అది కొబ్బరి కాదు, ఈత చెట్టు అవుతుంది.

మూడు మట్టల్నీ ఎడమ కుడి తిప్పితే ఆరు. ఒక మొవ్వుకి తొమ్మిది నుంచి పదకొండు మట్టలు సరిపోతాయి. ముందు మాను, మొదట్లో 46 పిక్సెళ్ల వెడల్పు, తలకి 26. దాని మీద లేచే మట్టలు ముదురు రంగులో, తర్వాత పక్క మట్టలు, వేలాడేవి నడిమి ఆకుపచ్చలో, అన్నిటికన్నా చివర గెలలు. ముక్కని సెలెక్ట్ చేసి కంట్రోల్ పట్టుకుని లాగితే నకలు పడుతూ పోతుంది, ప్రతిసారీ కాపీ, పేస్ట్ అక్కర్లేదు. మట్ట మీద మట్ట పడ్డచోట ఆకాశం రంగు సన్నని అంచు మిగులుతుంది. దాన్ని తుడవకండి, మట్టల్ని విడివిడిగా చూపించేది ఆ అంచే.

స్క్యూ (ముక్కని ఏటవాలుగా వంచే సదుపాయం) వాడి మట్టల్ని ఇంకా రకరకాలుగా వంచాలనిపిస్తుంది. వంచిన ప్రతిసారీ అంచుల్లో కొత్త మధ్య రంగులు పుడతాయి, రెండు మూడుసార్లకి మట్ట మసకబారుతుంది. నాలుగో రకం మట్ట కావాలంటే కొత్తగా గీయడమే మేలు.

ప్రభ చట్రం

ప్రభ చట్రం వెదురుతో కడతారు. పైన గుండ్రంగా వంచి, రంగు గుడ్డలతో వరసలు వరసలుగా అలంకరిస్తారు. పెయింట్‌కి ఇంతకన్నా అనువైన వస్తువు దొరకదు, మొత్తం వలయాలు, దీర్ఘచతురస్రాలే. అవుట్‌లైన్ తీసేసి సాలిడ్ ఫిల్ పెట్టండి. బొమ్మ మధ్య గీత 1080 దగ్గర, వలయాల కేంద్రం 1080, 900 (ఎడమ నుంచి 1080, పై నుంచి 900).

మొదటి వలయం 480, 300 దగ్గర మొదలుపెట్టి షిఫ్ట్ పట్టుకుని 1200×1200 వచ్చేదాకా లాగాలి. కర్సర్ ఎక్కడుందో, ఆకారం ఎంత పెరిగిందో అడుగున స్టేటస్ బార్ చూపిస్తూనే ఉంటుంది. అదే రంగుతో 480, 900 నుంచి 1200×750 దీర్ఘచతురస్రం. వలయం బాగా వెడల్పైన చోటే పక్కలు మొదలవుతాయి కాబట్టి అతుకు కనిపించదు. తర్వాతది 540, 360 నుంచి 1080 వలయం, 540, 900 నుంచి 1080×750 పక్కలు. ఆ తర్వాత 600, 420 నుంచి 960. 660, 480 నుంచి 840. ప్రతిసారీ అంచు 60 పిక్సెళ్లు లోపలికి. బయటి నుంచి ఎరుపు, పసుపు, నీలం, లోపలి పలక రాణీ రంగు. చిలకపచ్చని పట్టీలకి వాడలేదు, పూసలకి దాచాం. ఎరుపు పక్కన ముదురు నీలం వస్తే రెండూ మసకేస్తాయి, మధ్యలో పసుపు తప్పనిసరి.

అలంకారానికి వచ్చేసరికి తిప్పలేకపోవడం అడ్డొస్తుంది. వంపు మీద పూలరేకు, జెండా లాంటివి పెడితే అన్నీ ఒకే వైపు చూస్తాయి. అందుకని వంపు మీద గుండ్రటివే పెట్టాలి, ఎటు తిప్పినా ఒకేలా ఉండే పూసలు, అద్దాలు, గుండ్రటి పూలు. పలకల ఆకారాలు, వేలాడే గంటలు నిలువు పక్కల మీదే. నెమలి పింఛాలు శిఖరాన నిటారుగా ఒకటి, దానికి రెండు పక్కలా అద్దంలో తిప్పిన జత.

బయటి పట్టీ నడుమ పూసలకి 15 డిగ్రీల ఎడంతో లెక్క కట్టిన చోట్లు: (510, 900), (529, 752), (586, 615), (677, 497), (795, 406), (932, 349), శిఖరాన (1080, 330). పూస 44 పిక్సెళ్లు, దాన్ని పెట్టే పట్టీ రంగు మీదే గీసినది. సెలెక్ట్ చేసిన పూసని సరిగ్గా నడిమధ్యన పట్టుకుని కంట్రోల్‌తో లాగితే స్టేటస్ బార్‌లో కనిపించే అంకెలే పూస కేంద్రం. వాటి మధ్య ఖాళీల్లో చిన్న పూసలు కంటితో చూసి పెట్టుకోవచ్చు.

కుడి సగం గీయనక్కర్లేదు. ఎడమ సగాన్ని ప్రభ వరకు సెలెక్ట్ చేసి కాపీ చేయండి, పేస్ట్ చేసి, రొటేట్ మెనూలో ఫ్లిప్ హారిజాంటల్ కొట్టి, 1080 దగ్గరికి జరపండి. సెలెక్షన్ కుడి అంచు 1079 దగ్గర ఆగిందో లేదో చూసుకోవాలి. ఒక్క పిక్సెల్ ఎక్కువైతే నడిమధ్య పూస బండగా అవుతుంది, తక్కువైతే నిలువునా గీత పడుతుంది. కొసరు సవరింపు బాణం కీలతో, ఒక్కో నొక్కుకి ఒక్కో పిక్సెల్. వెనక చెట్లు కూడా రెండు వైపులా ఒకేలా వచ్చేస్తే బొమ్మ జీవం పోగొట్టుకుంటుంది, కాబట్టి ప్రభని నడిమి ఆకాశం రంగు మీద వేరే ఫైల్లో తయారుచేసి చెట్ల ముందు అతికించాలి.

మోసేవాళ్లు 1650 నుంచి 1850 మధ్య. మూడు ఆకారాలు చాలు: భుజం ఇచ్చినవాడు, చెయ్యి పైకెత్తినవాడు, వెనక్కి తిరిగి కేకేసేవాడు. పెన్సిల్‌తో గీసి, అటూ ఇటూ తిప్పి, కొందరిని 10 పిక్సెళ్లు పైకీ కిందికీ జరిపితే గుంపు అయిపోతుంది. ముఖాలు అక్కర్లేదు. తలపాగా, కండువా మీగడ రంగులో ఉంటే చాలు.

జాలీ: పల్చదనం లేని చోట పల్చదనం

నీళ్లలో ప్రభ నీడ కావాలి, కానీ పెయింట్‌కి సగం కనిపించే రంగు అంటే తెలీదు. రెట్టింపు సైజులో గీయడం ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక పిక్సెల్ నీళ్ల రంగు, ఒక పిక్సెల్ ఖాళీ, చదరంగం గడుల్లా వచ్చే జాలీని నీడ మీద పరిస్తే, సగానికి కుదించినప్పుడు ప్రతి నాలుగు పిక్సెళ్లూ కలిసి ఒకటవుతాయి. ఆ నాలుగులో రెండు నీళ్లవి, రెండు నీడవి. ఫలితం సగం సగం కలిసిన రంగు, దోమతెర అవతలి నుంచి చూసినట్టుంటుంది.

జాలీ తయారీ: 800 శాతం జూమ్, గ్రిడ్‌లైన్స్ ఆన్. 255, 0, 255 నేపథ్యం మీద పెన్సిల్ మందం 1తో 2×2 గడిలో ఎదురెదురు మూలలు రెండు నీళ్ల రంగుతో నింపండి. కాపీ చేసి పక్కన పెడితే 4, మళ్లీ రెట్టిస్తే 8, అలా 512×512 వరకు. పీఎన్‌జీగా వేరే దాచుకుంటే ప్రతి బొమ్మకీ పనికొస్తుంది. నాలుగింట ఒక్క పిక్సెల్ నింపిన 25 శాతం జాలీ కూడా ఒకటి మంచు తెలుపులో చేసి పెట్టుకోవాలి. సంక్రాంతి పొద్దున చెట్ల మొదళ్ల దగ్గర నిలిచే పొగమంచుకి అంతకన్నా మంచి ఉపాయం లేదు. మనుషుల్ని, ప్రభని అతికించక ముందే దాన్ని చెట్ల మీద పరచాలి.

నీడకి 1420 నుంచి 1849 వరకు అడ్డంగా మొత్తం సెలెక్ట్ చేసి కాపీ చేయండి. ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ ఆపేసి పేస్ట్ చేసి, ఫ్లిప్ వర్టికల్ కొట్టి, 1850 దగ్గర దించండి. తర్వాత నీడని అడ్డ పట్టీలుగా కదిలించాలి. గట్టు దగ్గర 6 పిక్సెళ్ల ఎత్తు పట్టీని 4 పిక్సెళ్లు పక్కకి. కిందికి వచ్చేకొద్దీ పట్టీ ఎత్తు 20కి, జరిపేది 12కి పెంచుకుంటూ, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. కంట్రోల్ పట్టుకుని జరపండి, లేకపోతే ఖాళీలో కలర్ 2 వచ్చి చేరుతుంది.

ఇప్పుడు ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ ఆన్ చేసి, కలర్ 2ని 255, 0, 255 చేసి, పేస్ట్ ఫ్రమ్‌తో జాలీని తెచ్చి 0, 1850 దగ్గర మొదలుపెట్టి 512 పిక్సెళ్లకొకటి పరచండి. ఒక ముక్క మీదికి ఇంకోటి బేసి సంఖ్యలో ఎక్కితే అక్కడ గట్టి రంగు పట్టీ పడుతుంది, మధ్యలో సందు ఉంటే నీడ గీతలా తొంగిచూస్తుంది. చివరి ముక్క కాన్వాసు దాటినా, కింద అక్షరాల పట్టీలోకి దిగినా ఫరవాలేదు, ఆ పట్టీ తర్వాత వస్తుంది.

మెరుపు గీతలు మీగడ రంగులో, పెన్సిల్ మందం 2 లేదా 4. మందం 1 గీత కుదిస్తే సగం మాసిపోతుంది. బొమ్మ మొత్తానికీ ఇదే నియమం.

అక్షరాలు

రాయాల్సింది "జగ్గన్నతోట ప్రభల తీర్థం", కింద చిన్నగా "కనుమ". అక్షరాల్ని బొమ్మ మీద కాకుండా చదునైన ముదురు పట్టీ మీదే రాయడం ఉత్తమం. అంచుల గొడవ ఉండదు, చదవడానికీ హాయి. విండోస్ 10లో తెలుగుకి నిర్మలా యూఐ ముందే ఉంటుంది. గౌతమి, వాణి ఫాంట్లు కావాలంటే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. పెద్ద శీర్షికకి రామభద్ర లాంటి లావుపాటి ఉచిత ఫాంటు బాగుంటుంది.

సైజు 150 దగ్గర మొదలుపెట్టి వెడల్పు చూసుకుని తగ్గించండి. ఈ మాటల్లో గ వత్తు, న వత్తు, ర వత్తు, థ వత్తు ఉన్నాయి, నాలుగూ కిందికి దిగేవే. వరస అడుగున మూడో వంతు ఖాళీ వదలకపోతే వత్తులు "కనుమ" మీద పడతాయి. టెక్స్ట్ పెట్టె ఎత్తు చాలకపోతే వత్తులు సగానికి తెగుతాయి, అది కుదించాక గానీ కంటపడదు. థ లోపలి చుక్క పూడుకుపోయిందేమో ప్రత్యేకంగా చూడండి. పూడితే సైజు పెంచాలి, లావు తగ్గించాలి. పెట్టె బయట క్లిక్ చేశారంటే అక్షరాలు పిక్సెళ్లయిపోతాయి, ఇక దిద్దలేం. అందుకే అక్షరాలు లేని ఫైలు ఒకటి విడిగా ఉండాలి.

కుదించడం, పంపడం

ప్రతి ఘట్టానికీ వేరే పేరుతో పీఎన్‌జీ సేవ్ చేసుకోవాలి. అన్‌డూ 50 అడుగుల వరకే, అదీ ఫైలు మూసేదాకే. పనిలో ఉన్న బొమ్మని జేపెగ్‌గా సేవ్ చేయకండి. జేపెగ్ బొమ్మని 8×8 గడులుగా విడగొట్టి నొక్కుతుంది. అంచుల చుట్టూ చిన్న చిన్న తేడా రంగులు చేరి ఫిల్ చుక్కలు వదులుతుంది, జాలీ అయితే పూర్తిగా చెడుతుంది.

కాన్వాసు ఎత్తు 2700కి కోసి, నకలు తీసుకుని, కంట్రోల్+డబ్ల్యూలో 50 శాతం. ఒక్కసారే, సరిగ్గా సగానికే. 1000 పిక్సెళ్లు, 800 పిక్సెళ్లు అని మనకి తోచిన కొలత ఇస్తే జాలీ గడులు పిక్సెళ్లతో పొసగక నీళ్ల మీద పెద్ద పెద్ద చారలు తేలతాయి. అంతకన్నా చిన్న బొమ్మ కావాలంటే ముందు సగం చేసి, అప్పుడు ఆ కొలతకి తగ్గించండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్లీ నొక్కేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ప్రస్తుతం 1080×1350 సిద్ధమైంది. మిగిలింది అచ్చుకి ఏ4 కాపీ. 150 డీపీఐకి (అంగుళానికి 150 చుక్కలు) 1240×1754 కావాలి కాబట్టి గీత పని 2480×3508లో. ప్రభనీ, మట్టల్నీ సాగదీస్తే అంచులు చెదురుతాయి, వాటిని ఉన్న కొలతలోనే అతికించి ఆకాశం, నీళ్లు పెంచుతాం. అచ్చులో రాణీ రంగు, చిలకపచ్చ తెర మీద ఉన్నంత వెలుగుతో రావు, ముందుగా ఒక చిన్న ముక్క తీయించి చూడాలి. ఫ్లెక్సీ షాపుకి కూడా కుదించిన ఫైలే ఇవ్వాలి. కుదించనిది ఇస్తే నీళ్ల మీద జాలీ గడులు గడులుగానే అచ్చవుతుంది.